పీఈటీ మేడం

పొద్దున్నుంచీ హైజంపర్ ఆలిస్ కోచ్‌మనే బుర్రలో తిరుగుతోంది.

అమెరికా, జార్జియా రాష్ట్రం, ఆల్బనీ. నల్లపిల్లల్ని మైదానాల్లోకి రానివ్వని రోజులు. మట్టిరోడ్ల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తింది. తాళ్లూ కర్రలూ కట్టుకుని వాటి మీంచి దూకింది. 1939 నుంచి 1948 దాకా వరసగా పదేళ్లు హైజంప్‌లో జాతీయ చాంపియన్. పరుగుల్లోనూ టైటిళ్లు. అది చాలదన్నట్టు టస్కీగీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 1.68 మీటర్లు దూకి స్వర్ణం. ఒలింపిక్ స్వర్ణం అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆవిడే.

సొంతూళ్లో సన్మానం పెట్టారు. హాల్లో తెల్లవాళ్లొకవైపు, నల్లవాళ్లొకవైపు. ఆవిడతోపాటు వేదిక మీదున్న మేయరు చెయ్యి కూడా కలపలేదట.

పాతికేళ్లకే పోటీలు మానేసి బడిలో పీఈటీ అయింది, కోచ్ అయింది.

మా బళ్లో గేమ్స్ పీరియడంటే లెక్కల సారు లాక్కునే పీరియడు. పీఈటీ మేడం మెళ్లో విజిల్‌తో వరండాలో నిలబడేవారు. ఆవిడ తన రోజుల్లో ఏమేం ఆడేవారో మేమెప్పుడూ అడగలేదు. మీలో ఎవరైనా అడిగారా?