వల ముందు నిలుచువాడు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు అను రాష్ట్రము కలదు. అచ్చటి బాల్టిమోరు నగర ప్రాంతమున వసంతకాలము వచ్చెననిన, పిల్లల చేతులలో కొనకు వల కట్టిన కఱ్ఱలు కనబడును. ఆ కఱ్ఱలతో బంతిని పట్టుచు, విసరుచు ఆడు ఆటకు లాక్రాస్ అని పేరు. ఐరోపావారు ఆ ఖండమున అడుగిడుటకు పూర్వమే అచ్చటి ఆదిమజాతులవారు దీనిని ఆడుచుండిరి. 1867లో మాంట్రియల్ నగరపు దంతవైద్యుడు విలియం జార్జి బీర్సు దీనికి లిఖిత నియమములను కూర్చెను.

పురుషుల ఆటలో పక్షమునకు పదుగురు. తొమ్మండుగురు మైదానమున పరుగులు తీయుదురు. పదవవాడు ఆఱడుగుల ఎత్తు, ఆఱడుగుల వెడల్పు గల గోలు ముందు నిలుచును. బంతి గట్టి రబ్బరుది. బరువున క్రికెట్టు బంతికి కొంచెమే తక్కువ. నేర్పరి విసరిన బంతి గంటకు 90 మైళ్ల వేగముతో వచ్చును. మన హాకీ గోలు కీపరు కాళ్లకు దళసరి మెత్తలు కట్టుకొనును. లాక్రాస్ గోలు కీపరుకు శిరస్త్రాణమును, ఎదకు కవచమును ఉండును గాని, కాళ్లకు చాలవరకు ఏ రక్షణయు నుండదు.

ఇట్టి స్థానమును కోరి ఎన్నుకొన్న బాలుడొకడు ఆ ప్రాంతమున నుండెను. వయస్సు పదునాఱు, చదువు పదునొకండవ తరగతి. ప్రతి సాయంకాలమును పెరటిలో తండ్రి టెన్నిసు బంతులు విసరును. బాలుడు కఱ్ఱ లేకయే వట్టి చేతులతో వానిని పట్టును. కన్ను మూయరాదు, మొగము త్రిప్పరాదు. మీదికి వచ్చు వస్తువును చూచి వెనుకకు తగ్గుట శరీరస్వభావము. గోలు కీపరు బంతికి ఎదురుగా అడుగు వేయవలెను. ఆ యొక్క అడుగు నేర్చుటకు అతనికి మూడేండ్లు పట్టినది. తొడలమీది కమిలిన మచ్చలు తల్లి కంట బడకుండ దాచుకొనుటయు ఆ విద్యలో భాగమే కాబోలు!

కళాశాల జట్టులో ఆడవలెనని అతని కోరిక. చిక్కు అచ్చటనే యున్నది. ఇతర స్థానముల ఆటగాండ్రు ఆట నడుమ మారుచుందురు. నలువదిమంది గల జట్టులో అనేకులకు అవకాశము చిక్కును. గోలు ముందు మాత్రము ఒక్కనికే చోటు. ముగ్గురు గోలు కీపర్లున్న జట్టులో ఒకడు నిలుచును. తక్కిన ఇరువురును ఏండ్ల తరబడి బల్లమీద కూర్చుండవలసినదే.

ఒకప్పుడు ప్రథమశ్రేణి కళాశాలల శిక్షకులు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలనుండియే మాట తీసికొనుచుండిరి. అనగా మీ వయస్సువారినుండి! 2017లో జాతీయ కళాశాలల క్రీడాసంఘము దీనిని మాన్పినది. పదునొకండవ తరగతిలో సెప్టెంబరు 1వ తేదీ వచ్చువరకు శిక్షకుడు విద్యార్థితో జట్టును గూర్చి మాటలాడరాదు. మేలైన నియమమే. కాని ఆ దినమున టెలిఫోను మ్రోగని యింట రాత్రి యెంత దీర్ఘముగా నుండునో నియమము చేసినవారు ఎఱుగుదురా?

మన బాలుని యింట అది మ్రోగలేదు. అతడే శిక్షకులకు జాబులు వ్రాసెను. తాను బంతులనాపిన ఘట్టములను ఏర్చి కూర్చిన వీడియోను పంపెను. ఆ యేటికి తమకు గోలు కీపరు దొరకెనని కొందరు వ్రాసిరి. కొందరు వ్రాయనే లేదు. ఒక శిక్షకుడు మాత్రము, "ఒక పూర్తి ఆటను పంపుము. గోలు పడిన పిదప నీ వెట్లు నిలుచుందువో చూడవలెను" అని వ్రాసెను.

ఈ ఆటలో వచ్చిన బంతులలో సగమునకు మించి ఆపినవాడు సమర్థుడని లెక్క. 1995 జాతీయ పోటీల తుదియాటలో మేరీలాండు విశ్వవిద్యాలయము సిరక్యూసు చేతిలో ఓడినది; అయినను ఆ పోటీలలో సర్వోత్తముడని ఎన్నికైనవాడు ఓడిన జట్టు గోలు కీపరు బ్రయన్ డౌర్టీ. బాలునికి ఈ సంగతి తెలియును. తెలిసియు, గెలిచిన ఆటను పంపుటయా, పదమూడుమారులు గోలు పడి ఓడిన ఆటను పంపుటయా అని రెండు దినములు తటపటాయించెను. పండ్రెండవ గోలు పడిన పిదప వరుసగా నాలుగు బంతులనాపినది ఆ ఓడిన ఆటలోనే. దానినే పంపెను.

వారమునకు జవాబు వచ్చినది. అది తృతీయశ్రేణి కళాశాల. ఆ శ్రేణిలో క్రీడలకై విద్యార్థివేతనము లేదు. జట్టులో ఇదివరకే ఇద్దరు గోలు కీపర్లున్నారు, స్థానమునకు హామీ యీయజాలము, వచ్చి కళాశాలను చూచి పొమ్ము అని అందున్నది. తల్లి దానిని రెండుమారులు చదివి, గణితములో ఎన్ని మార్కులు వచ్చెనని అడిగెను. శనివారము ఉదయమున ముగ్గురును కారులో బయలుదేరిరి.