మేము కట్టిన మూట

కంప్యూటరును గూర్చి గృహిణులు వ్రాయుట యేమని కొందరు నవ్వవచ్చును. మేము ప్రోగ్రాములు వ్రాయ నేర్చినవారము కాము. ఇంటరు పరీక్షతోనే మా చదువు ముగిసినది. అయినను గడచిన వేసవిలో, కడపలోని మా వంటయింటి ప్రక్కగదిలో కూర్చుండి, లినక్సు యంత్రములో స్థాపింపదగిన ప్యాకేజీ నొకదానిని మూలము నుండి మా చేతులతోనే కట్టితిమి. అది యేల కట్టవలసివచ్చెనో, ఎట్లు కట్టితిమో చెప్పినచో మీలో ఒకరిద్దరికైనను ఉపకరించునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అమ్మగారు గతించి పదునొకండేండ్లయినది. ఆమె వ్రాసియుంచిన నోటుపుస్తకము కర్నూలులో మా అక్కగారి యొద్ద నున్నది. పసిబిడ్డల మందులు, ఊరగాయల కొలతలు, పెండ్లిపాటలు, బాకీల లెక్కలు అన్నియు అందులో కలసియున్నవి. కాగితములు అంచుల వెంబడి పొడియై రాలుచున్నవి. అది పూర్తిగా శిథిలము కాకమునుపే ప్రతి వ్రాసి మనుమరాండ్రందరికి పంచవలెనని తలచి, పుటలకు ఛాయాచిత్రములు తీయించి తెచ్చుకొని, టైపు చేయసాగితిమి. మొదటి పది పుటలు అచ్చొత్తించి అక్కగారికి పంపితిమి. ఆ సాయంకాలమే ఆమె ఫోను చేసినది.

"ఏమే, ఇది అమ్మ పుస్తకము కాదు. అరసున్నలు ఏవి? బండి ఱ ఏది? అమ్మ రాసింది తీసేయనీకి మనమెవరమే?"

మేము తేలికగా తీసికొనబోయితిమి. ఇప్పుడు ఆ రెండక్షరములు ఎవరు వాడుచున్నారు? మేమును ఈ వ్యాసమున వాడుట లేదు. అప్పుడు అక్కగారు మందుల పుట తీయుమనినది. ఒక చూర్ణము బిడ్డకు "ఏఁడు నిండిన పిమ్మట" ఇయ్యవలెనని అమ్మ వ్రాసినది. అరసున్న ఉన్నచో ఏఁడు సంవత్సరము. లేనిచో ఏడు సంఖ్య. మేము అరసున్న విడిచి టైపు చేసినందున ఏడాది బిడ్డ మందు ఏడేండ్ల బిడ్డ మందైనది. అట్లే అఱుగుట జీర్ణమగుట, అరుగుట వెళ్లుట. ఏఱు నది, ఏరుట ఎంచి తీయుట. అమ్మ ఈ భేదములన్నియు ఎరిగి వ్రాసినది. మేము మారు మాటాడలేకపోతిమి.

మా యింటి పాత కంప్యూటరులో మా మేనల్లుడు డెబియను లినక్సు స్థాపించి, ఉద్యోగమునకై బెంగుళూరు వెళ్లెను. అందులో తెలుగు వ్రాయుటకు మేము వాడునది ఎం17ఎన్ అను సంపుటము. ఆంగ్లమున బహుభాషీకరణమనెడి మాటలో మొదటి, చివరి అక్షరముల నడుమ పదునేడక్షరములుండుటచే దానికా పేరు కలిగినది. దానిని కూర్చినవారు జపాను దేశపు పరిశోధకులు. లోకములోని అనేక భాషల మీటల పట్టికలు అందులో ఉన్నవి. మన తెలుగునకే పలు పట్టికలు కలవు. వానిలో ఒకటి, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదివిన తెలుగువారు ఏర్పరచిన ఆర్‌టీఎస్ పద్ధతి. అరసున్నయు, బండి ఱయు ఆ పట్టికలలో లేకపోలేదు. కాని పుటకు నలువదేసి మారులు కొట్టవలసినపుడు మా వ్రేళ్లకు అనువగు మీటలు వేరు. పట్టిక తెరచి చూడగా అది సామాన్యమైన వ్రాతయే. ఒక్కొక్క జంటలో ముందు మీట, వెనుక అక్షరము, చుట్టును కుండలీకరణములు. మేము రెండు జంటలు మార్చి భద్రపరచితిమి. పని చేసినది. ఎంతటి గర్వము కలిగినదో చెప్పజాలము!

రెండు నెలలు సుఖముగా గడచినవి. ఒకనాటి రాత్రి యంత్రము తన సంపుటములను నవీకరించుకొన్నది. తెల్లవారి చూడగా మా రెండు మీటలును లేవు. అద్దెయింటి గోడమీద మనము వ్రాసికొన్న పాలలెక్క, యజమాని సున్నము కొట్టించినపుడు పోవును గదా! ఇదియు అంతియే. సంపుటముతో వచ్చిన దస్త్రములన్నియు ఆ సంపుటమునకు చెందినవి. క్రొత్త కూర్పు వచ్చినపుడు యంత్రము పాత దస్త్రము తీసి క్రొత్తది పెట్టును. మన దిద్దుబాటు దానికి తెలియదు. అంతకంటె విచారకరమైన సంగతి, మేమేమి మార్చితిమో ఎక్కడను వ్రాసియుంచలేదు.

అప్పుడు మేనల్లునికి ఫోను చేయగా, "అత్తా, దస్త్రము దిద్దవద్దు. ప్యాకేజీనే మరల కట్టు" అని చెప్పి, చదువవలసిన పుటల పేర్లు పంపెను. అవి ఆంగ్లములో నుండుటచే నిఘంటువు ప్రక్కన పెట్టుకొని వారము దినములు చదివితిమి.

మాకు బోధపడినంతవరకు సంగతి యిది. మూలము పొట్టుతోనున్న కొర్రల వంటిది. యంత్రములో స్థాపించుకొను ప్యాకేజీ దంచి చెరిగి మూటగట్టిన కొర్రబియ్యము వంటిది. అంగళ్లలో సాధారణముగా బియ్యమే యిత్తురు. 1983లో రిచర్డు స్టాల్‌మను ప్రకటించిన గ్నూ ఉద్యమము, కొన్నవారికి కొర్రలును చేరవలెను, వానిని మార్చుకొను హక్కును ఉండవలెనని పట్టుపట్టినది. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు లినక్సును వెలువరించెను. 1993లో ఇయాన్ మర్డాక్ ఈ రెండింటిని చేర్చి, తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి, డెబియను అను కూర్పును ప్రారంభించెను. అందులోని ప్రతి బియ్యపు మూటకును దాని కొర్రల మూట ప్రక్కనే దొరకును.

ఇక మా పని. మూలములను తెచ్చుటకు యంత్రమునకు అనుమతి నిచ్చి, "ఆప్ట్ సోర్స్" అను ఆజ్ఞతో ఎం17ఎన్ పట్టికల మూలమును దింపుకొంటిమి. దానిలో డెబియన్ అను పేరుగల చిన్న అర యున్నది. కట్టుటకు ఏ పనిముట్లు కావలెనో తెలుపు జాబితా, కట్టు విధానము, మార్పుల చిట్టా, ఈ మూడును అందులో ముఖ్యము. పనిముట్లను "బిల్డ్-డెప్" అను ఆజ్ఞ తెచ్చి పెట్టును. మాకది మొదట తెలియక నేరుగా కట్టబోగా, ఫలానా వస్తువు లేదని యంత్రము నిలిచిపోయెను. రోలు లేక దంచుటకు కూర్చుండినట్లైనది.

రెండవసారి మార్పుల చిట్టా దగ్గర చిక్కుపడితిమి. చిట్టాలో వ్రాసినవారి పేరునకును తేదికిని నడుమ రెండు ఖాళీలుండవలె. మేమొకటి విడిచితిమి, యంత్రము తప్పుపట్టెను. చేతితో వ్రాయుటకు మారుగా "డీసీహెచ్" అను ఉపకరణముతో వ్రాసినచో ఆ బాధ లేదని పిమ్మట తెలిసినది. కూర్పు సంఖ్య చివర మా ఊరిపేరు చేర్చి "కడప1" అని గుర్తు పెట్టితిమి. ఆ గుర్తు వలన యంత్రము మా మూటను పాతదానికంటె ఒక మెట్టు పైదిగా ఎంచును. మూడవసారి "డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్" అను ఆజ్ఞ మూట కట్టెను గాని, స్థాపించి చూడగా తెలుగు పట్టికయే పలుకలేదు. వెదకి వెదకి చూడగా, ఒక కుండలీకరణము మూయుట మరచితిమి. నాలుగవసారి అన్నియు కుదిరినవి. నిజము చెప్పవలెనన్న ఈ సంపుటములో చాలవరకు పట్టికలే; దంచవలసిన గింజ తక్కువ. అందుచేతనే మావంటివారికి సాధ్యమైనది.

ఇకమీదట నవీకరణము వచ్చినపుడు మూట మారకుండ "హోల్డ్" అను ఆజ్ఞతో నిలుపవచ్చును. కాని నిలిపినది నిలిపినట్లే యున్నచో పైవారు చేసిన మంచి దిద్దుబాట్లును మనకు రావు. కావున క్రొత్త కూర్పు వచ్చినపుడెల్ల మూలము తెచ్చి, చిట్టా చూచి, ఆ రెండు జంటలను మరల చేర్చుటయే మేలు. చిట్టా యుండుటచే అది ఇప్పుడు అరగంట పని.

చిట్టా వ్రాయునపుడే మాకు అమ్మ పుస్తకము తలపునకు వచ్చినది. ఆమె ఊరగాయ కొలత మార్చినపుడు పాత అంకె కొట్టివేయక, ప్రక్కన తేది వేసి, "ఈసారి ఉప్పు తగ్గించితిని, కాయ పులుపు చాలలేదు" అని వ్రాసెడిది. ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో తెలిసిన మార్పు నిలుచును. తెలియని మార్పు మా మొదటి రెండు మీటలవలె పోవును. ఈ పద్ధతి మా ఊరికి క్రొత్తది కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర ఇచ్చటి తన బంగళాలో పండితులను నియమించి, తెలుగు కావ్యముల వ్రాతప్రతులను ఒకదానితో నొకటి సరిచూపించి, పాఠాంతరములు గుర్తించి శుద్ధప్రతులు వ్రాయించెను. నేడు ఆయన పేరి గ్రంథాలయము ఆ బంగళాస్థలముననే యున్నది.

మా మూట చిన్న పెన్‌డ్రైవులో ఇమిడినది. దానిని చేతిసంచిలో వేసుకొని మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో కర్నూలు చేరితిమి. అక్కగారి మనుమరాలి యంత్రములోను డెబియనే యున్నది. మా యంత్రము పాతది, ఆమెది క్రొత్తది. అయినను పట్టికల మూట ఏ జాతి యంత్రమునకైనను సరిపడునట్టిది. ఒక్క ఆజ్ఞతో నిమిషములో స్థాపితమైనది. మూడు మారులు చెడగొట్టిన పని ఇక్కడ ఒక్కసారికే కుదురుట చూచి మాకే నమ్మకము కలుగలేదు.

అక్కగారు కండ్లజోడు తుడిచి పెట్టుకొని, దిద్దిన మందుల పుట చదివినది. ఏఁడు అన్న మాట దగ్గర వ్రేలుంచి తలయూపినది. తరువాత పుటలు త్రిప్పి, మా తాతగారి బాకీల లెక్కను అమ్మ దించుకొన్న చోట ఆగినది.

"ఇక్కడ పాతకాలపు కాలు, అర గుర్తులుండాల కదే. నువ్వు ఇంగ్లీషు లెక్క పెట్టినావు."

నిజమే. ఆ తెలుగు భిన్నముల గుర్తులకు 2008లో యూనికోడులో స్థానము లభించినది. మా పట్టికలో మాత్రము మేము మీటలు చేర్చుకొనలేదు. ఆ రాత్రియే మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మూలము తెరచితిమి. కుండలీకరణములన్నియు ఆమెయే లెక్కపెట్టినది. చిట్టాలో "కడప2" క్రింద, అక్కగారి మాటమీద భిన్నముల మీటలు చేర్చబడినవని తెలుగులోనే వ్రాసితిమి.