మైకు లేని పాట

ఒపెరాకి వెళ్తున్నానంటే మా ఆఫీసులో మనవాళ్ళు ఇప్పటికీ నన్నో వింత జంతువుని చూసినట్టు చూస్తారు. "అర్థమవుతుందా?" అన్నది మొదటి ప్రశ్న. "టికెట్ ఎంత?" అన్నది రెండోది. న్యూయార్క్ మెట్‌లో ముందు సీటు వెనక చిన్న తెర ఉంటుంది, 1995 నుంచీ మాటలు ఇంగ్లీషులో అందులో వస్తాయి. ఇక టికెట్టంటారా, అన్నిటికన్నా పైనున్న ఫ్యామిలీ సర్కిల్లో కూర్చుంటే మన సినిమా ప్రీమియర్ షోకి అయ్యేదానికి కాస్త అటూ ఇటూ, అంతే.

అసలు పద్యనాటకాలు చూసి పెరిగినవాడికి ఒపెరాలో కొత్తేముంది చెప్పండి? కథ అందరికీ ముందే తెలుసు. చావబోయేవాడు పది నిమిషాలు పాడితే గానీ చావడు. జనం వచ్చేది ఆ పాట కోసమే. ఒక్కటే తేడా, మెట్‌లో 'వన్స్ మోర్' చెల్లేది కాదు. చాలా ఏళ్ళు దాదాపు నిషేధమే. 2008 ఏప్రిల్ 21న దోనిజెత్తి రాసిన 'లా ఫీ దు రెజిమెంట్'లో పెరూ గాయకుడు హువాన్ దియేగో ఫ్లోరెస్ తొమ్మిది హై సీలున్న పాట పాడాడు. చప్పట్లు ఆగలేదు, మళ్ళీ పాడాడు. అంతకుముందు అక్కడ సోలో పాట అలా రెండోసారి పాడింది 1994లో పవరొత్తి. సోమవారం రాత్రి, మర్నాడు పొద్దున్నే మాకు రిలీజు. నేను పైన నిలబడి అరుస్తూనే ఉన్నాను. పక్కనున్న పెద్దావిడ నా గొంతు విని కంగారుపడి ఉంటుంది పాపం :-)

నన్ను పట్టేసింది మాత్రం హై సీలు కాదు, మైకు లేకపోవడం. దాదాపు 3,800 సీట్ల హాలు, కింద పిట్‌లో పెద్ద ఆర్కెస్ట్రా, వాటన్నిటినీ దాటుకుని ఒక్క మనిషి గొంతు చిట్టచివరి వరస దాకా రావాలి. గట్టిగా అరిస్తే రాదు. యోహాన్ సుండ్‌బెర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా బలం 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన గాయకుడు తన బలాన్ని 3000 హెర్ట్జ్ దగ్గర పోగేస్తాడు. అంటే అందరూ కొట్టుకునే పోర్ట్ వదిలేసి ఖాళీగా ఉన్న పోర్ట్ పట్టుకున్నట్టన్నమాట. (ఇది మగ గొంతుల్లో స్పష్టంగా కనిపిస్తుంది, సోప్రానోల కథ వేరు.) పెట్రోమాక్స్ లైట్ల కాలంలో, మైకు పల్లెలకి రాకముందు, మన నాటకాల కృష్ణులు కూడా ఏదో ఇలాంటిదే చేసి ఉంటారని నా అనుమానం.

2011లో నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఫిలిప్ గ్లాస్ 'సత్యాగ్రహ'కి తీసుకెళ్ళాను. దక్షిణాఫ్రికాలో గాంధీ కథ, పాడేదంతా సంస్కృతం, భగవద్గీత నుంచి తీసుకున్నది. దీనికి సీటు తెరల మీద అనువాదం ఇవ్వలేదు, కొన్ని వాక్యాలు మాత్రం సెట్ మీదే వేశారు. హాలంతా అయోమయంలో ఉంటే రిటైర్డ్ తెలుగు మాస్టారైన మా నాన్న ఒక్కరే పెదాలు కదుపుతూ శ్లోకాలు పట్టుకుంటున్నారు. "ఇంత సాగదీస్తే చెప్పిన కృష్ణుడు కూడా గుర్తుపట్టడురా" అన్నారు ఇంటర్వెల్లో. చివరి అంకంలో గాంధీగా రిచర్డ్ క్రాఫ్ట్ ఒకే ఆరోహణని ముప్ఫైసార్లు పాడాడు. లెక్కకి అవి మన తోడి స్వరాలే, గమకాలు లేని తోడి. పదోసారికి విసుగొచ్చింది నాకు, ఇరవయ్యోసారికి పోయింది. నాన్న చెయ్యి అప్పటికే సీటు మీద తాళం మానేసి ఊరికే ఉంది.

మళ్ళీ 2024లో వచ్చారు. చెవి మిషను పెట్టుకున్నారు. వయసుతో వినికిడి పోయేటప్పుడు ముందు పోయేది పై ఫ్రీక్వెన్సీలు. అంటే ఆ 3000 హెర్ట్జ్ ఉన్న వైపే! గాయకుడు ఆర్కెస్ట్రాని తప్పించుకోవడానికి వెతుక్కున్న చోటు, నాన్న చెవుల్లో ముందుగా మూతపడిన చోటు దాదాపు ఒకటే. మార్చిలో మెట్‌కి తీసుకెళ్తే, "వాయిద్యాలు బాగా వినిపిస్తున్నాయిరా, వాళ్ళు పెదాలు కదుపుతున్నారు" అన్నారు. నేను మాట్లాడలేదు.

సినిమా హాళ్ళలో వేసే మెట్ ప్రసారాలంటే నాకు పడదు. 2006 చివర్లో మొదలయ్యాయి. మైకులు పెట్టి మిక్సింగు చేస్తారు కాబట్టి చిన్న గొంతు, పెద్ద గొంతు ఒకే సైజులో వినిపిస్తాయి. అసలు తెలియాల్సిందే ఆ తేడా కదా! పైగా కెమెరా ఎటు చూపిస్తే అటే చూడాలి. ఈ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

అయినా మే 11న న్యూజెర్సీలో హాలుకి వెళ్ళాం, 'మదామా బటర్‌ఫ్లై'. అస్మిక్ గ్రిగోరియన్ పాడింది. మింఘెల్లా ప్రొడక్షన్‌లో ఆమె కొడుకు పిల్లాడు కాదు, బొమ్మ. నల్లబట్టల్లో ముగ్గురు మనుషులు కనిపిస్తూనే ఆడిస్తారు. స్పీకర్ల దగ్గరగా కూర్చున్నాం, నాన్న మిషను సరిచేసుకున్నారు. రెండో అంకంలో ఆ బొమ్మ తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. క్లోజప్. మెట్‌లో నా సీటు నుంచైతే అది నాకెప్పుడూ కనపడేది కాదు.

"వినపడుతోందా నాన్నా?" అన్నాను.

"నువ్వు మాట్లాడకపోతే వినపడుతుంది."