బాబాయి పార్టుల డబ్బా

మా బాబాయి టీవీ మెకానిక్. ఐటీఐలో రేడియో టీవీ ట్రేడు చదివి, ఉద్యోగం రాక, రేపల్లెలో ఒక గది అద్దెకి తీసుకుని కొట్టు పెట్టాడు. గది ఇచ్చినాయన మొదట అడిగింది అడ్వాన్సు కాదు, "ఎవురబ్బాయివిరా?" అని. మా తాత చెప్పులు కుట్టేవాడు. కొడుకు ఆరె, రంపె ముట్టకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టాడని పల్లెంతా సంబరపడింది. ఊరు మాత్రం దాన్ని మాదిగోడి టీవీ కొట్టు అనే పిలిచింది.

1990ల చివర్లో, నాకు ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు, సెలవులొస్తే బాబాయి సైకిలు వెనక నేనే. నా పని అద్దం పట్టుకోవటం. మెకానిక్ సెట్టు వెనక కూర్చుంటాడు, బొమ్మ ముందు పడుద్ది. ముందు ఎవరన్నా అద్దం పట్టుకుంటే అందులో చూసుకుంటా సరిచేసుకోవాలి. పెద్దిళ్ళల్లో టీవీ నట్టింట్లో ఉండేది. మేం నట్టింట్లోకి పోకూడదు. అందుకని సెట్టునే అరుగు మీదికి మోసుకొచ్చేవాళ్ళు. చెక్క పెట్టె, ఇద్దరు పడితేగానీ లేవదు. అంత బరువైనా మోశారుగానీ మమ్మల్ని గడప దాటనియ్యలేదు. మేం ముట్టుకున్నాక ఏ చెంబో అయితే కడుక్కునేవాళ్ళే. టీవీని కడగలేరు గదా! ఒకావిడ తడిగుడ్డతో పెట్టె పైపైన తుడిచేది, మేం మెట్లు దిగకముందే.

మా పల్లెకి ఒక టీవీ ఉండేది. దాని కథ వేరు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలు ఆ స్టేషన్ మీదగానే పోద్ది. అంతకుముందు నెలలో రేగిన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందని. ఆ తర్వాత మా పెద్దాళ్ళు కుర్రాళ్ళని హాలుకి పంపటానికి భయపడ్డారు. తలా కాస్త చందా వేసుకుని సెకండ్ హ్యాండులో ఈసీ టీవీ కొన్నారు. హైదరాబాదు ఈసీఐఎల్ చేసిన నలుపు తెలుపు సెట్టు. బాబాయి దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్కలేదు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసిన వార్త పల్లెంతా దాని ముందు కూర్చుని చూశాం. 2014 ఏప్రిల్లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసేనాటికి సెట్టు పాడై అటకెక్కింది. ఆ వార్త నేను పేపర్లో చదివాను.

బాబాయి పోయాక ఆయన పార్టుల డబ్బా నాకొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఎలక్ట్రాన్లు అయస్కాంతానికి వంగుతాయని బోర్డు మీద ఎన్ని బొమ్మలేసినా పిల్లలు తలూపుతారు, అంతే. ఎల్‌ఈడీ టీవీ దగ్గర అయస్కాంతం పెడితే ఏమీ కాదు. పిక్చర్ ట్యూబు కావాలి. పల్లె సెట్టు దించాను.

స్విచ్చి వేస్తే బుస్సుమని శబ్దం, తెర మాత్రం నలుపు. నడిచే సెట్టు సన్నగా ఈల వేస్తుంది, సెకనుకి 15,625 సార్లు గీత గీసే చప్పుడు అది. ఈల లేదు. అంటే లైన్ ఔట్‌పుట్ పోయింది. విప్పబోతుంటే బాబాయి మాటే చెవిలో: "కరెంటు తీసినా ట్యూబులో దాక్కుని ఉంటదమ్మాయ్, ముందు స్క్రూడ్రైవరుతో దాన్ని ఛాసిస్‌కి దించు, తర్వాతే చెయ్యి పెట్టు." దించాను. చిటుక్కుమంది. బీయూ 205 ట్రాన్సిస్టర్ షార్టయింది, ఈహెచ్‌టీ కాలి పగిలింది.

తెనాలి బోసు రోడ్డులో అడిగితే నవ్వారు. ఒక ముసలాయన మాత్రం లోపల వెతికి బీయూ 208 ఇచ్చాడు. పనికొస్తుంది, రెండూ 1,500 వోల్టుల రకమే, ఇది కరెంటు ఇంకాస్త తట్టుకుంటుంది కూడా. ఈహెచ్‌టీకి అట్టా సర్దుకోవటం కుదరదు, సెట్టు సెట్టుకీ కాళ్ళు మారతాయి. బాపట్లలో ఒక పాత మెకానిక్ దగ్గర రంగుల సెట్లవి ఉన్నాయి. రంగుల ట్యూబుకి 25 వేల వోల్టుల దాకా కావాలి, మాదానికి 15 వేల చిల్లర. ఆయన బాబాయి పేరు చెప్పగానే కుర్చీ వేసి టీ తెప్పించాడు. చివరికి రేపల్లెలో పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికింది. రాగి కోసం సెట్లన్నీ బద్దలు కొట్టేశారు. మూడు ఛాసిస్‌లు తిరగేస్తే ఒకదానికి ఈహెచ్‌టీ ఇంకా ఉంది.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే ఒక సార్ నవ్వుతా అన్నాడు, "పాత సామాన్లు ఏరటం మీవాళ్ళకి అలవాటే గదా టీచర్ గారూ." గది గమ్మునైపోయింది. నేను చాక్‌పీసులు తీసుకుంటా చెప్పాను: "అలవాటేనండీ. చచ్చిన గొడ్డు తోలుతో మీ తాతలకి చెప్పులు కుట్టినోళ్ళ మనవరాలిని. చచ్చిన టీవీలోంచి పనికొచ్చేది తియ్యటం నాకెంత?" ఆయన పేపరు ఎత్తుకున్నాడు.

సెట్టు వెలిగింది. గాలిలో పాత ప్రసారాలు లేవు గనక మాడ్యులేటరు తగిలించి బొమ్మ తెప్పించాను. పదో తరగతి పిల్ల అయస్కాంతం పెట్టగానే బొమ్మ పక్కకి జారింది. వెనక బెంచీలోళ్ళు కూడా లేచి వచ్చారు. ఒకటే బాధ, ట్యూబు నీరసించింది, తలుపులు మూస్తేగానీ బొమ్మ కనపడదు. కొత్త ట్యూబు ఎవరూ చెయ్యరు. 20 అంగుళాలది ఎక్కడన్నా పగలకుండా కనపడితే ఆపమని బాపట్లలో చెప్పి వచ్చాను.