విమానం దిగి రైలెక్కిన విద్య

విమానాల్లో వాడే పరికరాన్ని తెచ్చి రైలుకి బిగిస్తే అది అట్లే పనిచేస్తుందా? సైన్సు చదివేవాళ్లం గనక వేసుకోవాల్సిన ప్రశ్నే ఇది. ఉదాహరణకి దూరం పోనక్కర్లేదు. 2022 నవంబరులో మొదలైన చెన్నై-మైసూరు వందే భారత్ మన కుప్పం మీదుగానే పోతుంది. అందులోని మరుగుదొడ్డి విమానాలనుంచి వచ్చిన విద్యే.

పాఠకులు ముక్కు మూసుకోవద్దు! ఇది శుద్ధమైన భౌతికశాస్త్రం. బాగా ఎత్తున ఎగిరే విమానానికి వెలుపల గాలి పీడనం తక్కువ, లోపల ఎక్కువ. ఆ తేడాయే మలినాన్ని ట్యాంకులోకి లాగేస్తుంది. కిందికి దిగాకే పంపుతో పని. రైలుకి ఆ సదుపాయం ఏదీ? లోపలా బయటా ఒకటే గాలి. ప్రతిసారీ యంత్రమే శూన్యాన్ని పుట్టించాలి.

లాభం లేకపోలేదు. మామూలు ఫ్లష్షుకి పది లీటర్ల దాకా పోయేచోట దీనికి అర లీటరో, కాస్త ఎక్కువో చాలు. కానీ పైపు సన్నం. ఒక గుడ్డపేలికో, గుట్కా పొట్లమో, సీసా మూతో పడితే గొంతు పట్టేస్తుంది. వాల్వు దగ్గర రబ్బరు అరిగి గాలి కారినా అంతే. పైగా మన రైల్లో మలినం చేరేది బయోట్యాంకుకి. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తాయి. పాపం, వాటికి ప్లాస్టిక్ అరగదు!

అంగళ్లు, మదనపల్లె పక్కల టమోటా పండించేవాళ్లకి ఈ తంటా కొత్తది కాదు. డ్రిప్పు పైపులు వేశాక బోరునీళ్ల ఉప్పుకి కన్నాలు పూడిపోతాయి. ఫిల్టరు కడగాల, అప్పుడప్పుడూ యాసిడ్ పట్టించాల. “పరిచేది ఒక దినం పని, కాపాడుకునేది పంటంతా పని రా” అంటాడు మా నాయన.

తోటలో కన్నం పూడితే మొక్క వాడుతుంది. రైల్లో పైపు పూడితే మాత్రం ఒక మనిషి చెయ్యి పెట్టాల్సి వస్తుంది. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించరాదని 2013లో పార్లమెంటు చట్టం చేసింది. మన చేతిలోని ఖాళీ పొట్లం చెత్తబుట్టలో పడుతుందా, ఆ గుంతలో పడుతుందా అన్నదానిమీద కూడా ఆ చట్టం నిలబడి ఉంది.

కొత్త యంత్రం తెచ్చినవాళ్లకి దండలు వేస్తాం, మంచిదే. దాన్ని యార్డులో విప్పి, కడిగి, మళ్లీ బిగించే ఫిట్టరు పేరు మనకి తెలియదు. మిత్రులారా, పీడనాల తేడా గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుందాం. ఆ ఫిట్టరు చెయ్యి మురికి కాకుండా చేసే ఉపాయం కూడా మనలో ఎవరో ఒకరు కనిపెడితే, ఆ చదువుకి అర్థముంటుంది.