బరువు బాధ్యతలు

పూర్వం బరువులెత్తాలనుకున్నవాళ్ళు ఇల్లు వదిలి బయటికి వెళ్ళేవారు. ఊళ్ళో తాలింఖానా అని ఒకటుండేది. అందులో నేలంతా తవ్వి మెత్తబరిచిన మట్టి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారంతటి మల్లుల కాలంలోనూ కింద ఉన్నది ఆ మట్టే. సంగిడి ఎత్తి పడేస్తే గొయ్యి పడేది, మర్నాడు పారతో పూడ్చేవారు. ఇల్లాలికి అందులో ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడలా కాదు. తాలింఖానా అట్టపెట్టెలో ఇంటికే వచ్చేస్తోంది. మా అమ్మాయి మొదటి నెల జీతంతో పదేసి కిలోల డంబెల్స్ జత తెప్పించుకుంది. మాది రెండో అంతస్తు. హాలంతా అద్దంలాంటి టైల్స్.

"గచ్చు పగిలిపోతుందే తల్లీ!" అన్నారు మా అత్తయ్యగారు.

"కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం పిల్లే కదా నాన్నమ్మా! 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చింది."

"తెస్తే తెచ్చింది. ఆ పిల్ల మన హాల్లో ఎత్తలేదుగా!"

ఆవిడ బెంగ గచ్చు గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆడపిల్ల కండలు పెంచితే సంబంధాలు రావేమోనని అసలు భయం. ఆ మాట పైకి అంటే మనవరాలు ఊరుకోదు. అందుకని నెపం గచ్చు మీద పెట్టారు. సరే, ముందు గచ్చు సంగతి తేల్చేద్దామని నేను రంగంలోకి దిగాను.

టైలు గట్టిదే గాని పెళుసు. కింద సిమెంటు నిండుగా ఉన్నచోట దెబ్బకి ఓర్చుకుంటుంది. బోలుగా వదిలేసినచోట ఇట్టే నెర్రె విచ్చుతుంది. రూపాయి బిళ్ళతో తట్టి చూస్తే తెలిసిపోతుంది. కొబ్బరికాయ తట్టి ఎంచుకునే మనకి అదో విద్యా?

మావారు పాత బొంత పరచమన్నారు. నున్నటి నేలమీద బొంత జారుతుంది. చేతిలో ఇనుముతో జారితే టైలు మాట దేవుడెరుగు, నడుం విరుగుతుంది. కావలసింది దెబ్బని మింగే మెత్తదనం, బరువుని నాలుగు పక్కలకీ పంచే గట్టిదనం. కల్వం కింద పీటా, పీట మీద మడిచిన గోనెపట్టా వేసుకునేవాళ్ళకి ఇది కొత్త కాదు. అడుగున 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చెక్క, దానిమీద దళసరి రబ్బరు పరుపు. మంచం పట్టేటంత మేర చాలు. వారానికోసారి ఎత్తి తుడవాలి, లేకపోతే తడి చేరి చెక్క ఉబ్బుతుంది.

అయితే ఎంత రబ్బరు వేసినా కింది వాటావారికి మోత కొంత వినిపించక మానదు. శ్లాబు మోసుకుపోతుంది. దానికి మందు ఒకటే. బరువు ధబ్బున పడేయకుండా నెమ్మదిగా దింపాలి. అలా దింపడమూ కండకి వ్యాయామమేనట!

ఇవన్నీ అమరాక, ఇక గచ్చు మాట ఎత్తే వీల్లేక అత్తయ్యగారు అసలు మాట అనేశారు. "ఆడపిల్లకి బరువులెందుకే?"

"నువ్వు చెరువునుంచి నీళ్ళు మొయ్యలేదూ? ఎన్ని బిందెలు తెచ్చేదానివి?"

"నెత్తిన ఒకటి, చంకన ఒకటి."

"బిందెకి పదిహేను లీటర్లనుకున్నా ముప్ఫై కిలోలు నాన్నమ్మా! ఇత్తడి బరువు కాకుండా. నావి రెండూ కలిపితే ఇరవయ్యే."

అత్తయ్యగారు వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"మాకెవరిచ్చారే పతకాలు?" అన్నారు చివరికి.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి మాత్రం వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో అల్లం దంచినా, మిరియాలు నూరినా ఆ రబ్బరు పరుపు మీదే. చప్పుడు రాదు, గచ్చుకి భయం లేదు అంటారు అత్తయ్యగారు. పాపం, డంబెల్సే చోటు దొరక్క గోడవార నిలబడి చూస్తున్నాయి.