గ్లాసులో మురికి ఎక్కడిది?

నిమ్మకాయ కోస్తే నెత్తురు కారే విద్య నేను ఎన్నిసార్లు చేసి చూపించానో లెక్కలేదు. కత్తికి ముందే మందార పువ్వు రుద్ది ఆరబెట్టుకుంటే చాలు, నిమ్మరసం తగలగానే ఎర్రబడుతుంది. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు ఇలాంటివి చేసి చూపిస్తుంటే కుర్రతనంలో చూసి నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా ఢిల్లీ వచ్చాక ఇక్కడి తెలుగు పిల్లల ముందూ చాలాసార్లు చేశాను. "కళ్ళతో చూశాం కదా అని నమ్మకండి, ఎందుకు జరిగిందో అడగండి" అని వాళ్ళకి చెప్పేవాణ్ణి.

అలాంటి నేను పోయిన ఆగస్టులో, ఆర్.కె. పురంలోని మా క్వార్టర్ వంటింట్లో, ఒక పాతికేళ్ళ కుర్రాడు నాలుగు లోహపు కడ్డీలతో చేసిన కనికట్టుకి పడిపోయి రెండు వేల రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. మీరు నవ్వుకోవచ్చు. మా తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అసలు విషయానికొస్తాను. వానాకాలంలో మా కింది ఇంటి పిల్లకి కామెర్లు వచ్చాయి. ఆ వారమే మా అమ్మ ఊరినుంచి వచ్చి మా దగ్గర ఉండిపోవడానికి సిద్ధపడింది. మాది కనిగిరి వైపు. మా ఆవిడ ఒకటే మాట: "ఏమండీ, మనమంటే ఎలాగో గడిపేశాం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ నీళ్ళు ఆవిడకి ఎలా పోస్తాం? ఆర్వో పెట్టించండి." ఇంట్లో పదిహేనేళ్ళనాటి మామూలు క్యాండిల్ ఫిల్టర్ ఒకటి ఉంది. కాదనడానికి నా దగ్గర కారణమేమీ లేదు. ఫోన్ చేస్తే మర్నాటికల్లా కుర్రాడు వచ్చాడు.

ముందు ఒక గ్లాసులో మా కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఆర్వో నీళ్ళు పోశాడు. రెండింట్లోనూ ఒక సీసాలోంచి చుక్కలు వేశాడు. మా నీళ్ళు పచ్చబడ్డాయి, అతని నీళ్ళు అలాగే ఉన్నాయి. తర్వాత కొత్తగా నీళ్ళు పోసి, కడ్డీలున్న పరికరాన్ని రెండు గ్లాసుల్లోనూ ముంచి ప్లగ్గు పెట్టాడు. నిమిషం తిరక్కుండా మా గ్లాసు ఆకుపచ్చగా మొదలై, నల్లబడి, పైన తుప్పురంగు తెట్టు కట్టింది. చూడ్డానికి మురిక్కాలవే. అతని గ్లాసులో లేత పసుపు కూడా రాలేదు. "సార్, ఇదే మీరు రోజూ తాగేది" అన్నాడు హిందీలో. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పర్సు తీశాను.

రాత్రి నిద్ర పట్టలేదు. అంత మురికి నీళ్ళలో కరిగి ఉంటే ఇన్నేళ్ళూ మా పాలగిన్నెల్లో, టీ గిన్నెల్లో ఎందుకు కనపడలేదు? మురికి నీళ్ళలోంచి వచ్చిందా, కడ్డీల్లోంచి వచ్చిందా? ఈ ప్రశ్న బాబాల ముందు కూచున్నప్పుడు నాకు అరక్షణంలో తడుతుంది. నా ఇంట్లో, నా తల్లి ఆరోగ్యం అనేసరికి తట్టడానికి తెల్లవారుజాము అయింది.

మిషన్ బిగించడానికి అతను మళ్ళీ వచ్చినప్పుడు, "నీ నీళ్ళతోనే ఇంకోసారి చేద్దాం" అన్నాను. అతని స్వచ్ఛమైన గ్లాసులో మా ఉప్పు డబ్బాలోంచి చిటికెడు ఉప్పు వేసి కలిపాను. కడ్డీలు ముంచాడు. నిమిషంలో ఆ గ్లాసు కూడా మురిక్కాలవ అయింది, నిన్నటి మా నీళ్ళకంటే చిక్కగా.

సంగతేమిటంటే, ఆ కడ్డీల్లో కొన్ని ఇనుపవి, కొన్ని అల్యూమినియంవి. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. గ్లాసులో మనం చూసేది కడ్డీనే. ఇక ఆ పచ్చరంగు చుక్కలది ఇంతకంటే అన్యాయం. ఈత కొలనుల్లో క్లోరిన్ ఉందో లేదో చూడ్డానికి వాడే రసాయనమది. పచ్చబడిందంటే నీళ్ళలో ఇంకా క్లోరిన్ మిగిలి ఉంది, సూక్ష్మజీవుల మీద కాపలా ఉంది అని అర్థం. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన జాతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది. అంటే మా నీళ్ళు పరీక్ష పాసయ్యాయి. ఆ పాస్ మార్కులే చూపించి విషం అన్నాడు.

కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. "సార్, మాకు ట్రైనింగ్‌లో ఇలాగే చెప్పారు" అన్నాడు, ఉప్పు గ్లాసు వంక బిత్తరపోయి చూస్తూ. అతనుండేది పక్కనే మునిర్కాలో, అద్దె గదిలో. నువ్వేం తాగుతావని అడిగితే "నల్లా నీళ్ళే సార్" అన్నాడు. మిషన్ వెనక్కి తీసుకెళ్ళాడు. అడ్వాన్సు మాత్రం కంపెనీ ఇవ్వలేదు.

అంతా అయ్యాక మా ఆవిడ అడిగింది: "సరే, వాడు మోసం చేశాడు. అంటే మన నీళ్ళు మంచివని తేలినట్టా?"

తేలలేదు. అబద్ధపు రుజువు బయటపెట్టినంత మాత్రాన వ్యతిరేకం నిజమైపోదు. మనలో చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం. ఆవిడ దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది. 2019 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ నగరాల కుళాయి నీళ్ళు పరీక్షించినప్పుడు ఢిల్లీలో తీసిన 11 నమూనాలూ తప్పాయి, ముంబయి నమూనాలు అన్నీ నెగ్గాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఫలితాల్ని ఒప్పుకోలేదు, పెద్ద రభసే అయింది. ఆ రభసలో మా వీధి నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. చిత్రమేమిటంటే అదే 2019 మే నెలలో, కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఇళ్ళల్లో ఆర్వోలు నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ శాఖకి చెప్పింది, నీళ్ళు వృథా అవుతున్నాయని. ఒకే ఏడాది, ఒకే ఊరు, ఒకరు నీళ్ళు బాగాలేవంటారు, ఇంకొకరు ఆర్వో వద్దంటారు. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. బాగాలేకపోవడం ఒకే రకంగా ఉండదు కదా.

ఇంతలో అమ్మ ఒక ప్రశ్న అడిగింది. ఇంట్లో ఎవరమూ అడగని ప్రశ్న అది. గ్లాసు చేత్తో పట్టుకుని, "నాయనా, ఈ నీళ్ళు తాగితే నడుం పట్టెయ్యదు గదా?" అంది.

ఆమె అడగడానికి కారణముంది. ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొదటి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ మా ప్రాంతం నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉండేవి. నా పై వరస పళ్ళమీద గోధుమ చారలు ఇప్పటికీ ఉన్నాయి. మా పెదనాన్న నలభై దాటేసరికి మెడ తిప్పలేక, పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవాడు. ఊళ్ళో దాన్ని అమ్మవారి కోపమనేవారు, జాతర చేసేవారు. మా బావి నీళ్ళు అద్దంలా ఉండేవి, తియ్యగా ఉండేవి, ఏ కడ్డీ ముంచినా ముంచకపోయినా చూసినవాడు అనుమానించే నీళ్ళు కావు. అమ్మ జాగ్రత్తపరురాలు కాబట్టి రోజూ కాచి చల్లార్చి పోసేది. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ సంగతి తర్వాత ఎప్పుడో ఆమెతో చెప్పి తప్పు చేశాను. చాలా రోజులు ఏమీ మాట్లాడలేదు.

అందుకే మా తమ్ముడు ఫోన్లో, "అన్నా, ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెట్టించమని పంచాయతీ వాళ్ళ వెంటపడింది నువ్వే. ఇప్పుడు ఆర్వో దండగ అంటున్నావు" అని ఎగతాళి చేశాడు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. ఆర్వో ఫ్లోరైడ్‌ని తీస్తుంది. పటికా సున్నంతో ఫ్లోరైడ్‌ని పట్టి దించే నల్గొండ పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970ల్లో తయారుచేసింది గానీ అది శ్రద్ధగా చేసే మనుషులున్నచోటే నిలుస్తుంది. ఆ ఊరికి ఆర్వో సరైన మందే. అదే మందు ఆర్.కె. పురంలో కూడా వెయ్యాలా అన్నది పరీక్ష చేస్తే గాని తేలదు.

లేబొరేటరీకి నీళ్ళు పంపాను. ఫిల్టర్ ధరలో చిన్న భాగం కూడా కాలేదు ఆ ఖర్చు. కరిగిన లవణాలు 230. ఫ్లోరైడ్ 0.4; ఐ.ఎస్. 10500 ప్రకారం 1 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నైట్రేటు, సీసం హద్దుల్లోనే. అమ్మకి చదివి వినిపించాను. "మనూళ్ళో ఎంతుండేది?" అంది. నాలుగు పైన అని చెప్పాను. తల ఊపి తాగింది.

లవణాల లెక్క గురించి ఒక్క మాట. ఇళ్ళకొచ్చి పెన్నులాంటి మీటరు ముంచుతారే, అది కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందన్నది మాత్రమే. క్రిములు దానికి కనపడవు. పంచదార కలిపినా అంకె కదలదు, నేను చేసి చూశాను. అమ్మ పెట్టిన చారులో ముంచితే వేలల్లో చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఈ అంకెకి ఆరోగ్యపరమైన హద్దే పెట్టలేదు, రుచికి సంబంధించిన విషయంగానే చూసింది. అలాగని ఆర్వో నీళ్ళు తాగితే ఎముకలు గుల్లబారతాయని వాట్సాప్‌లో తిరిగేది కూడా నమ్మకండి. మనకి కాల్షియం ప్రధానంగా తిండిలోంచే వస్తుంది. ఒక గ్లాసు పాలలో ఉన్నంత కాల్షియం మా కుళాయి నీళ్ళలోంచి రావాలంటే లీటర్లకి లీటర్లు తాగాలి. ఇక క్షారజలం, రాగి కాట్రిడ్జి అంటారా, జఠరరసం ఆమ్లం ముందు ఆ క్షారం ఎంతసేపు నిలుస్తుందో పదో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

మిగిలింది క్రిముల సంగతి. ఢిల్లీకి సంబంధించినంతవరకు అసలు భయపడాల్సింది ఇదే. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఈ నగరంలో సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చాయి. నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాదు దగ్గర యమునలో నీళ్ళు తోడుకునే చోటుకి ఎదురు తన్నింది. అధికారులు క్లోరిన్ పెంచారు. దాంతో టైఫాయిడ్ లాంటివి పెరగలేదు గానీ వైరస్ తప్పించుకుంది. అది హెపటైటిస్-ఇ అని దశాబ్దాల తర్వాత, దాచి ఉంచిన రక్త నమూనాలు పరీక్షించి తేల్చారు. అప్పుడు ఎవరి గ్లాసులోనూ నీళ్ళు నల్లగా లేవు.

మా వంటింట్లో రెండు కుళాయిలు. ఒకటి నేరుగా పైపు నుంచి, ఉదయం సాయంత్రం మాత్రం వస్తుంది. రెండోది మేడమీద ట్యాంకు నుంచి. ఈ పరీక్షకి చిన్న సీసాలు దొరుకుతాయి, అడుగున మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధనశాల వాళ్ళు రూపొందించి 1982లో ప్రచురించిన పద్ధతి. నీళ్ళు గీతదాకా పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులుంచితే, మలంతో కలుషితమైన నీళ్ళు నల్లబడతాయి. నూటికి నూరుపాళ్ళు కచ్చితం కాదు గానీ ఇంటికి చాలు. రెండు కుళాయిలకీ మూడేసి సీసాలు పెట్టాను. నేరు కుళాయివి మూడూ తెల్లగా ఉన్నాయి. ట్యాంకువి మూడూ తారులా నల్లబడ్డాయి.

మేడెక్కి చూశాను. మూత పక్కకి జరిగి ఉంది. లోపల పావురాల రెట్ట, ఈకలు. వేసవిలో నీళ్ళు ఎంతున్నాయో చూడ్డానికి ఆ మూత తీసింది నేనే. సరిగా పెట్టిన గుర్తు లేదు. కింది ఇంటికి వెళ్ళేదీ ఆ ట్యాంకు నీళ్ళే. ఆ పిల్ల కామెర్లు దీనివల్లే వచ్చాయనడానికి ఆధారమేమీ లేదు, పావురాల నుంచి ఆ జబ్బు వచ్చే అవకాశమూ తక్కువే. అయినా ఆ సాయంత్రం వాళ్ళ తలుపు తట్టి విషయం చెప్పడానికి నాకు గంటసేపు పట్టింది. వాళ్ళాయన కోప్పడలేదు. బకెట్టు, బ్రష్షు తీసుకుని నాతో పైకి వచ్చాడు.

చివరికి కొన్నది కార్బన్, యూవీ దీపం ఉన్న మామూలు ఫిల్టరు, ఆర్వో ధరలో సగం. నేరు కుళాయికి బిగించాం. యూవీ కాంతి క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి అవి పెరగకుండా చేస్తుంది, వైరస్‌లకీ పనిచేస్తుంది. లవణాల్నీ ఫ్లోరైడ్‌నీ ముట్టుకోదు, మాకు ముట్టుకోవాల్సిన పని లేదు. నీళ్ళు తేటగా లేకపోతే, దీపం పాతబడితే, కరెంటు పోతే దండగ. కార్బన్ క్లోరిన్‌ని తీసేస్తుంది కాబట్టి పట్టిన నీళ్ళు రోజుల తరబడి నిల్వ పెట్టకూడదు. వానాకాలంలో నీళ్ళు రంగు మారినా వాసన వేసినా పొయ్యిమీద మరగబెట్టడమే. పక్క బ్లాకులో మిత్రుడి ఆర్వో కింద బకెట్టు పెట్టి కొలిచాం: లీటరు మంచినీళ్ళకి మూడు లీటర్లు తూములోకి పోతున్నాయి. మే నెలలో ట్యాంకరు వెనక బిందెల వరస చూసినవాళ్ళకి ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

మా ఆవిడ ఫిల్టరు పక్కన గోడకి కాగితం అంటించింది. దీపం మార్చాల్సిన తేదీ, ట్యాంకు కడగాల్సిన తేదీ, కింద సీసా పరీక్ష తేదీ. ట్యాంకు వరసలో నా పేరు రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఈ ఆదివారం మళ్ళీ సీసాలు పెట్టాం. నిన్నటికి రెండు రోజులు. ఆరూ తెల్లగానే ఉన్నాయి. అమ్మ వాటిని కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి ఒక్కొక్కటే చూసి, "మీ పెదనాన్న ఉన్నప్పుడు ఇట్టాంటి సీసాలు లేవు" అని మళ్ళీ అరలో పెట్టేసింది.